కడప దుంగ గల్ఫ్ గోడౌన్లో దిగితే

దుబాయ్ జెబెల్ అలీ రేవు గోడౌన్లలో పనిచేసే కడప వాళ్లకు ఎర్రచందనం గురించి కొత్తగా చెప్పాల్సిన పనిలేదు. సిద్ధవటం, ఒంటిమిట్ట, బద్వేలు పక్క పుట్టినోళ్లు లంకమల, పాలకొండల కింద ఆ చెట్టును చూస్తూనే పెరిగారు. మొసలి వీపులా పలకలుగా పగిలిన నల్ల బెరడు, రెమ్మకు మూడేసి ఆకులు, చుట్టూ రెక్క కట్టిన గుండ్రటి కాయ. అదే చెట్టు చేవ ఇంకో సరుకు పేరుతో, మూసిన కంటెయినర్లో, పరాయి దేశంలో ఎదురైతేనే చిక్కు. అక్కడ దానిమీద మొదట పడేది సరుకు దింపే హెల్పరు చెయ్యి. మొదటి సంతకం ట్యాలీ (దిగిన సరుకు లెక్క) రాసే క్లర్కుది. అసలు ఓనరు పేరు ఆ కాగితాల్లో వెతికినా దొరకదు.

ఈ కర్రకు అంత గిరాకీ ఎందుకో కొంత తెలిసుండాలి. చైనాలో ఎక్కువగా ఫర్నిచర్ చేస్తారు, ఎర్హు అనే రెండు తీగల వాద్యానికీ వాడతారు. జపాన్‌లో షామిసెన్ అని మూడు తీగల వాద్యం ఉంది. దాని దండికి అన్నిటికన్నా మేలైనదిగా చెప్పుకునే ‘కోకి’ మన ఎర్రచందనమే. షామిసెన్‌కు మన వీణకున్నట్టు మెట్లుండవు. వేళ్లు, గోళ్లు నేరుగా కర్రమీదే పడతాయి. మెత్తని కర్రయితే నొక్కినచోటల్లా గుంటలు పడి స్వరం చెడుతుంది, దండిని మళ్లీ చిత్రికపట్టాలి. ఎర్రచందనం నీళ్లలో వేస్తే మునిగేంత గట్టిది కాబట్టి అంత తొందరగా అరగదు. దానికితోడు కొన్ని దుంగల్లో నార అలలు అలలుగా తిరిగి ఉంటుంది. నున్నగా తీసి వెలుతురులో తిప్పితే పట్టుచీర మెరిసినట్టు అడ్డంగా మెరుపు కదులుతుంది. అట్లాంటి దుంగలు అడవిలో చాలా తక్కువ. దొంగ చూపు ముందు పడేది వాటిమీదే. చేవ ముదరడానికి పాతిక ముప్పై ఏళ్లు పట్టే చెట్టు ఇది, తూర్పు కనుమల దక్షిణ కొసలో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా సహజంగా పెరగదు.

చట్టం దగ్గర చాలామంది పొరపడే మాట ఒకటుంది. ‘వాద్యాలకు మినహాయింపు వచ్చింది కదా’ అంటారు. ఆ మినహాయింపు ఇరుగుడు (రోజ్‌వుడ్, శాస్త్రీయంగా డాల్‌బెర్జియా) జాతికి. 2017 జనవరి 2 నుంచి డాల్‌బెర్జియా రకాలన్నీ సైటిస్ (అరుదైన జీవుల, చెట్ల అంతర్జాతీయ వ్యాపారాన్ని అదుపుచేసే ఒప్పందం) కిందికి రావడంతో గిటార్ల వాళ్లకు ఆ కర్రతో చేసి అమ్మకానికి పంపే ప్రతి వాద్యానికీ పర్మిట్ కావాల్సి వచ్చింది. 2019 నవంబర్ 26 నుంచి తయారైన వాద్యాలకు, వాటి భాగాలకు ఆ బాధ తప్పింది. ఎర్రచందనం సంగతి వేరు. అది 1995 నుంచి సైటిస్ రెండో అనుబంధంలో ఉంది. దానికి తోడు మన దేశపు ఎగుమతి నిషేధం ఉంది: ముడి కర్రయినా, చెక్కిందైనా, ఏ రూపంలోనైనా పంపకూడదు. పట్టా భూముల్లో సాగుచేసిన కర్రకిచ్చే లైసెన్సు, ఇతర ప్రత్యేక అనుమతులు తప్పిస్తే మిగిలిన దారి ఒకటే. చట్టబద్ధంగా కొన్న కర్రతో చేసిన రంగు, సారం, వాద్యాలు, వాద్య భాగాలు లైసెన్సు మీద పంపొచ్చు.

అందుకే ‘వాద్య భాగాలు’ అన్న మాట ఇన్వాయిస్‌లో కనపడితే ఇంకొంచెం కళ్లు తెరిచి చూడాలి. కస్టమ్స్ అంకెల్లో వాద్య భాగాలు 9209, దుంగలు 4403, 6 మిల్లీమీటర్ల మందం దాటిన కోత కర్ర 4407, ఆ లోపు పొరచెక్క 4408. ఈ అంకెల తేడా ఎంతదాకా పోతుందో అమెరికాలో గిబ్సన్ గిటార్ల కంపెనీ వ్యవహారంలో తేలింది. 2009లో మడగాస్కర్ ఎబొనీ గురించి, 2011లో మన దేశం నుంచి పోయిన ఇరుగుడు, ఎబొనీ పలకల గురించి అక్కడ సోదాలు జరిగాయి. 2012లో ఆ కంపెనీ 3 లక్షల డాలర్ల జరిమానాతో ప్రభుత్వంతో ఒప్పందానికి వచ్చింది. అంత పెద్ద కంపెనీకి లాయర్లుంటారు. క్యాంపు గదిలో బంకు మంచం మీద పడుకునేవాడికి ఎవరుంటారు?

భాగమంటే దానికి ఆకారం ఉండాలి. దండి అయితే అతుకు గాడి, తీగలు చుట్టే బిరడలకు రంధ్రాలు, ఒక పక్కకు సన్నబడే తీరు కనపడాలి. నాలుగు పక్కలా గొడ్డలితో సరిచేసిన మీటరు మొద్దును ‘భాగం’ అని రాస్తే అది దుంగే. అడవిలోనే పైనుండే తెల్ల చెక్కను గొడ్డలితో చెక్కేస్తారు, మోత తగ్గాలని. ఆ గాట్లు దుంగ పొడుగునా కనపడతాయి. సర్కారు డిపోలో వేలం పాడిన దుంగకైతే సుత్తి ముద్ర, నంబరు ఉంటాయి. కర్ర అదేనా కాదా అని అనుమానమొస్తే విరిగిన పేడుతో తెల్ల గోడమీద గీయండి, సుద్దముక్కతో గీసినట్టు ఎర్ర గీత పడుతుంది. పొట్టును స్పిరిట్‌లో వేస్తే ఎర్రగా రంగు దిగుతుంది. చల్లటి నీళ్లలో ఆ రంగు అంతగా దిగదు, కాబట్టి నీళ్లలో వేసి చూసి కాదని తేల్చుకోవద్దు.

తలుపు తెరవకముందే అనుమానించే చోట్లు కొన్ని ఉన్నాయి. బోల్టు సీలు మీది నంబరును బిల్ ఆఫ్ లేడింగ్ (ఓడ కంపెనీ ఇచ్చే సరుకు బిల్లు)లోని నంబరుతో అంకె అంకె పోల్చాలి. నంబరు కలిసినంత మాత్రాన నమ్మేయొద్దు. సీలు ముట్టుకోకుండా తలుపు బందుల బోల్టులే ఊడదీసి మళ్లీ బిగించేవాళ్లున్నారు. బందుల దగ్గర, గడియ పిడి దగ్గర కొత్త పెయింటు, మెరిసే రివిట్లు, రెంచి గీతలు ఉన్నాయేమో చూడండి. తర్వాత బరువు. 2016 జూలై 1 నుంచి తూకం వేసిన బరువు చెప్పకుండా ఓడలోకి కంటెయినరు ఎక్కించరు. ఆ చీటీ అడిగి చూడండి. 20 అడుగుల కంటెయినర్లో చోటు 33 ఘనపు మీటర్లు. ప్లాస్టిక్ సామాను అని రాసి, 20 టన్నుల పైన తూగితే లెక్క కుదరదు. ఎర్రచందనం ఘనపు మీటరు 1,100 కిలోల దాకా ఉంటుంది. కొంచెం చోటులోనే బరువంతా తెస్తుంది. తలుపు దగ్గర రెండు మూడు వరుసలు రాసిన సరుకే పెట్టి, దుంగలు లోపలి కొసకు తోస్తారు. దాంతో ట్రెయిలరు ముందుకు కుంగి ఉంటుంది.

ఏదైనా తేడా కనపడితే సీలు కోయొద్దు. నంబరు కనపడేట్టు ఫొటో తీసుకొని సూపర్‌వైజరుకు మెసేజీ పెట్టండి. నోటిమాట చాలదు, టైము పడే మెసేజీయే రేపు సాక్ష్యం. కోసిన తర్వాత దుంగలు బయటపడితే పని ఆపి, దింపినవి దింపినచోటే వదిలేయాలి. ‘పక్క బేలో పెట్టండి, తర్వాత చూద్దాం’ అన్న మాట వింటే సరుకు దాచిన కేసు మీ నెత్తిన పడుతుంది. ట్యాలీ షీట్లో ఇన్వాయిస్ చూసి ఎక్కించొద్దు, కంటికి కనపడిందే రాయండి. సైటిస్ పర్మిట్ చూపిస్తే నాలుగు గళ్లు చదవండి: శాస్త్రీయ నామం టెరోకార్పస్ శాంటలైనస్ అని ఉందా, బరువు సరిపోయిందా, ఆరు నెలల గడువు దాటిందా, మూలం గడిలో ఏ అక్షరముంది? డబ్ల్యూ అంటే అడవిది, ఏ అంటే సాగుది, ఐ అంటే జప్తు చేసింది.

ఇంకో ఉచ్చు కాగితం మీద ఉంటుంది. ‘నీ పాస్‌పోర్టు కాపీ, బతాకా (గుర్తింపు కార్డు) కాపీ ఇయ్యన్నా, సరుకు నీ పేరున వస్తుంది, నెలకింత ఇస్తాం’ అని అడిగేవాడు తరచూ మన పక్క ఊరివాడే అయ్యుంటాడు. బిల్లులో సరుకు అందుకునేవాడిగా మీ పేరు పడిందంటే మొదటి ముద్దాయి మీరే. ఊర్లోనూ ఇంతే. కడప జిల్లాలో దుంగ మోస్తూ దొరికేవాళ్లలో ఎక్కువమంది తమిళనాడు తిరువణ్ణామలై పక్క, జవ్వాదు కొండల నుంచి కూలికి వచ్చినోళ్లు. 2015 ఏప్రిల్ 7న శేషాచలం అడవుల్లో కాల్పుల్లో చనిపోయింది అట్లాంటివాళ్లే, ఇరవైమంది. వాళ్ల కూలి, మన కూలి వేరువేరు కావు. ఊరు వదిలి పొట్టకోసం పోయినోళ్లమే అందరమూ.

సెలవుకు ఇంటికొచ్చి తిరిగి పోయేటప్పుడు ముఖానికి అరగదీసుకునే రక్తచందనం ముక్కా, చెక్కబొమ్మా పెట్టెలో వేసుకోవద్దు. చిన్నదైనా నిషేధం నిషేధమే, ఎయిర్‌పోర్టు స్కానర్‌కు అది మామూలు ముక్క కాదు. ఎవరిదో పార్శిలు అయితే విప్పి చూడకుండా అసలే తీసుకోవద్దు.

పోలీసులు పిలిచారంటే అరబ్బీలో రాసిన వాంగ్మూలం కింద సంతకానికి ముందు తెలుగో హిందీయో వచ్చిన దుబాసీని అడగండి, అది మీ హక్కు. కాన్సులేటుకు ఫోన్ చేయనివ్వమని అడగండి. ఇంటివాళ్లు ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి (విదేశాల్లో ఉండే ఆంధ్రుల కోసం రాష్ట్ర ప్రభుత్వం పెట్టిన సంస్థ) చెప్పొచ్చు. ఆ రోజు డ్యూటీ షీటు, గేటు పాసు, మీ పని హెల్పరనో డ్రైవరనో రాసిన కాంట్రాక్టు కాపీ, సీలు ఫొటో, ఈ నాలుగూ ఫోన్లో ఒకచోట, ఇంకో కాపీ ఇంట్లోవాళ్ల దగ్గర ఉంచండి. స్టేషన్లో ఫోన్ లాక్కుంటారు.