ట్రిపుల్ ఏ కార్డుతో ఫోర్ట్ విల్డర్‌నెస్‌లో నాలుగు రాత్రులు

"గుడారంలో పడుకోవడానికి కూడా డబ్బులు కట్టాలా అమ్మాయ్?" అని మా అత్తయ్యగారు అడిగేసరికి మేము వాల్డోస్టా దాటి ఫ్లోరిడాలో అడుగుపెట్టి గంటైనా కాలేదు. ఆర్లాండో ఇంకా చాలా దూరం ఉంది. తెనాలి నుంచి ఆరు నెలలు ఉండి వెళ్దామని వచ్చిన ఆవిడకు, హోటలు గది వదిలేసి చెట్ల కింద గుడారం వేసుకోవడం, దానికి మళ్ళీ రాత్రికింత అని చెల్లించడం, ఆ చెల్లింపులో కొంత తగ్గించుకోవడానికి కోడలు నెల రోజులపాటు లెక్కలు వేయడం వింతగా అనిపించడంలో తప్పేమీ లేదు. మేము వెళ్తున్నది ఆర్లాండో దగ్గరి వాల్ట్ డిస్నీ వరల్డ్ వినోద పార్కులకు, దిగేది అక్కడి ఫోర్ట్ విల్డర్‌నెస్ క్యాంప్‌గ్రౌండులో. కారు దారిలో ఆగిపోతే సాయం పంపే ట్రిపుల్ ఏ అనే ఆటో క్లబ్ కార్డుతో అక్కడ రాయితీ ఎలా దొరుకుతుందో దారిలో ఆవిడకు చెప్పిన సమాధానాన్నే ఇక్కడ వివరంగా రాస్తున్నాను. అట్లాంటా చుట్టుపక్కల ఉండే మన వాళ్ళలో ఏటా ఎవరో ఒకరు ఈ విషయం గురించి నన్ను అడుగుతూనే ఉన్నారు.

వాల్ట్ డిస్నీ వరల్డ్ 1971 అక్టోబరు 1న తెరుచుకుంది. అదే ఏడాది నవంబరు 19న ఫోర్ట్ విల్డర్‌నెస్ క్యాంప్‌గ్రౌండును ప్రారంభించారు. బే లేక్ ఒడ్డున, పైన్ చెట్ల మధ్య సుమారు 750 ఎకరాల్లో అది విస్తరించి ఉంది. దాదాపు ఎనిమిది వందల క్యాంప్‌సైట్లు, వాటితోపాటు మూడు వందలకు పైగా క్యాబిన్లు ఉన్నాయి. క్యాబిన్ల సంగతి వేరు, అవి వంటగదితో సహా చిన్న ఇళ్ళలాంటివి, వాటి ధర కూడా అలాగే ఉంటుంది. నేను చెబుతున్నది క్యాంప్‌సైటు గురించి. సైటు అంటే బండి నిలుపుకోవడానికి చదును చేసిన జాగా, బొగ్గుల పొయ్యి, బెంచీలతో కూడిన పెద్ద చెక్క బల్ల, నీళ్ళ కుళాయి, కరెంటు. ఆర్వీలకు, అంటే లోపలే పడక, వంటగది ఉండే పెద్ద బళ్ళకు, మురుగునీటి గొట్టం కలిపే ఏర్పాటున్న సైట్లు వేరే ఉంటాయి, వాటినే ఫుల్ హుకప్ అంటారు. స్నానాలకు, బట్టలు ఉతుక్కోవడానికి నడిచి వెళ్ళేంత దూరంలో ఏసీ ఉన్న కంఫర్ట్ స్టేషన్లు ఉన్నాయి. ఒక్కో సైటులో పది మంది వరకు ఉండవచ్చు. హోటలు గదిలో నలుగురికి మించితే రెండో గది తీసుకోవలసి వచ్చే మన కుటుంబాలకు ఈ ఒక్క నియమమే అన్ని రాయితీలకన్నా ఎక్కువ మిగులుస్తుంది. అత్తయ్యగారు, మామయ్యగారు, మేమిద్దరం, పిల్లలిద్దరు కలిసి ఆరుగురం ఒకే సైటులో సర్దుకున్నాము.

ఇక ఆటో క్లబ్ సంగతి. అందరం ట్రిపుల్ ఏ అని పిలిచే అమెరికన్ ఆటోమొబైల్ అసోసియేషన్ 1902 మార్చి 4న షికాగోలో తొమ్మిది మోటారు క్లబ్బులు చేతులు కలపడంతో పుట్టింది. కార్లు నడిచే రోడ్లే సరిగా లేని కాలంలో రోడ్ల కోసం పోరాడటానికి పెట్టుకున్న సంఘం అది. ఇప్పటికీ అది ఒకే కంపెనీ కాదు, ప్రాంతీయ క్లబ్బుల సమాఖ్య. మనం ఏ క్లబ్బులో చేరతామన్నది మన జిప్ కోడ్‌ను బట్టి ఉంటుంది. అందుకే జార్జియాలో నాకున్న సౌకర్యాలు న్యూజెర్సీలో ఉన్న మా ఆడపడుచుకు అచ్చంగా అలాగే ఉండవు. మనలో చాలామంది చదువుకోవడానికి వచ్చిన కొత్తలో, సీనియర్ల దగ్గర కొన్న పాత కారు ఎప్పుడు ఆగిపోతుందోనన్న భయంతో ఈ సభ్యత్వం తీసుకుంటారు. కొత్త కారు వచ్చాక కూడా అది ఏటా రెన్యూ అవుతూనే ఉంటుంది గాని, ఆ కార్డు హోటళ్ళలోనూ పార్కుల్లోనూ పనికొస్తుందన్న సంగతి గుర్తుండదు. నాకూ తొమ్మిదేళ్ళు గుర్తురాలేదు.

రాయితీ ఎందుకు ఇస్తారో తెలిస్తే దాన్ని ఎక్కడ వెతకాలో కూడా తెలుస్తుంది. రద్దీ లేని రోజుల్లో ఖాళీగా ఉండే గదులను, సైట్లను నింపుకోవాలి, కానీ అసలు ధరను అందరికీ కనిపించేలా తగ్గించడం యజమానులకు ఇష్టముండదు. కారులో ఊళ్ళు తిరిగే అలవాటున్న కోట్ల మంది సభ్యులు ఒక క్లబ్బులో ఉన్నారు కనుక, వాళ్ళకు మాత్రమే వేరొక ధరను చూపిస్తే ఆ ఖాళీలు నిండుతాయి. అంటే ఈ రాయితీ కార్డు ఉన్నవారికి ప్రతి రాత్రీ దక్కే హక్కు కాదు. కొన్ని తేదీలకు, కొన్ని రకాల సైట్లకు, అదీ వాళ్ళు పక్కన పెట్టిన సంఖ్య అయిపోయేంతవరకే దొరుకుతుంది. మా పొరుగింటివారు థాంక్స్‌గివింగ్ వారానికి ప్రయత్నించి, దొరకక, కార్డు వల్ల ఉపయోగమే లేదని తేల్చేశారు. ఆ వారం ఎలాగూ నిండిపోతుంది, ఇక రాయితీ ఎవరిస్తారు?

నేను మొదటిసారి ప్రయత్నించినప్పుడు ఎదురైనది మరో రకం చిక్కు. వెబ్‌సైటులో డిస్నీ రిసార్టులపై సభ్యులకు ఇంత శాతం తగ్గింపు అని పైన పెద్ద అక్షరాలతో ఉంది. సంబరపడి తేదీలు నొక్కుకుంటూ వెళ్ళాను. చివరి పేజీలో ధర ఒక్క డాలరు కూడా తగ్గలేదు. వెనక్కి వచ్చి కింద ఉన్న చిన్న అక్షరాల షరతులు మొదటి నుంచి చదివితే, ఈ తగ్గింపు వర్తించని వాటి జాబితాలో మూడు పడకగదుల విల్లాల పక్కన క్యాంప్‌సైట్లు అన్న మాట కనిపించింది. అప్పటి నుంచి నేను ఏ ఆఫరులోనైనా ముందు చదివేది ఆ మినహాయింపుల వాక్యాన్నే. శాతం ఎంతో తరువాత చూడవచ్చు. ఒక కాలానికి ప్రకటించిన ఆఫరులో క్యాంప్‌సైట్లు ఉండకపోవచ్చు, మరో కాలానికి ఉండవచ్చు. క్లబ్ తరఫున పనిచేసే ట్రావెల్ ఏజెంటుకు ఫోన్ చేసి, "క్యాంప్‌సైటుకు సభ్యుల ధర ఉన్న రాత్రులు ఏవి?" అని సూటిగా అడగడం నాకు బాగా పనికొచ్చింది. మనం తేదీలు చెప్పి ధర అడిగితే వాళ్ళు ఆ తేదీలకే చూస్తారు, ధర ఉన్న తేదీలు అడిగితే క్యాలెండరు మొత్తం తిప్పి చూస్తారు. అలా అడిగినప్పుడే మాకు నవంబరులో వరుసగా నాలుగు రాత్రులు దొరికాయి.

ఎంత మిగులుతుందన్నది అత్తయ్యగారికి కాగితం మీద వేసి చూపించాను. లెక్క తేలికగా ఉండటానికి ఒక గుండ్రని అంకె తీసుకుందాము. సైటు రాత్రికి 120 డాలర్లయితే నాలుగు రాత్రులకు 480. ఆర్లాండో ఉన్న ఆరెంజ్ కౌంటీలో అమ్మకపు పన్ను, పర్యాటక పన్ను కలిపి 12.5 శాతం, అంటే మరో 60 డాలర్లు, మొత్తం 540. పది శాతం రాయితీ దొరికితే 480 కాస్తా 432 అవుతుంది, దానిపై పన్ను 54, మొత్తం 486. మిగిలింది 48 కాదు, 54. తగ్గిన ధర మీదే పన్ను పడుతుంది కనుక రాయితీ శాతం పన్నుకూ పాకుతుంది. ఈ 54 డాలర్ల కోసమే సభ్యత్వం తీసుకోమని మాత్రం నేను ఎవరికీ చెప్పను. నడిరాత్రి హైవే మీద టైరు పేలినప్పుడు ఎవరో ఒకరు వస్తారన్న ధైర్యం కోసం తీసుకోవాలి, తీసుకున్నాక ఇలాంటివి వదులుకోకూడదు.

రాయితీలు ఒకదానిపై ఒకటి కలవవు. సభ్యుల ధర, ఫ్లోరిడా నివాసుల ధర, అందరికీ ఇచ్చే కాలానుగుణ ఆఫరు, వీటిలో ఏదో ఒక్కటే దక్కుతుంది. కనుక మూడింటినీ ఒకే రోజున, ఒకే తేదీలకు, పన్నుతో సహా పోల్చి చూడాలి. మేము పాటించే పద్ధతి ఇది: తేదీలు ఖాయం కాగానే మామూలు ధరకే సైటు బుక్ చేసి ఒక రాత్రి డిపాజిట్ కట్టేస్తాము. తరువాత రాయితీ ప్రకటించినప్పుడు ఆ బుకింగును కొత్త ధరకు మార్చమని అడుగుతాము. టికెట్లు కలపకుండా బస ఒక్కటే బుక్ చేసినప్పుడు, రాక తేదీకి కనీసం ఐదు రోజుల ముందు, ఆన్‌లైన్‌లోనైతే ఆరు రోజుల ముందు రద్దు చేసుకుంటే డిపాజిట్ తిరిగి వస్తుంది. కాబట్టి ఇలా వేచి ఉండటంలో నష్టం లేదు. రాయితీ వచ్చేదాకా ఆగి బుక్ చేద్దామనుకుంటే సైటే మిగలకపోవచ్చు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. ఏజెంటు ద్వారా చేసిన బుకింగులో మార్పులన్నీ ఆ ఏజెంటు ద్వారానే చేయించుకోవాలి. ఆదివారం రాత్రి పదింటికి ధర తగ్గిందని చూసినా సోమవారం వాళ్ళ ఆఫీసు తెరిచేదాకా మనం చేయగలిగింది లేదు.

కార్డు విషయంలో నాకు జరిగిన నష్టం కూడా చెప్పాలి, ఎందుకంటే అది ఎవరికైనా జరగవచ్చు. అంతకుముందు సంవత్సరం మరో రాష్ట్రంలోని ఒక పార్కు క్యాంప్‌గ్రౌండులో సభ్యుల ధరకు మూడు రాత్రులు బుక్ చేశాను. వాన పడుతున్న సాయంత్రం కౌంటరు దగ్గర కార్డు అడిగారు. ఫోనులో యాప్ తెరిచి చూస్తే సభ్యత్వం పదకొండు రోజుల క్రితమే ముగిసిపోయింది. బ్యాంకు మాకు కొత్త క్రెడిట్ కార్డు పంపినప్పుడు క్లబ్బులో పాత నంబరే ఉండిపోవడం వల్ల ఆటోమేటిక్ రెన్యూవల్ జరగలేదు. కౌంటరులో ఉన్న అమ్మాయి మర్యాదగానే మాట్లాడింది గాని మామూలు ధర వేయక తప్పలేదు. వెనక కారులో పిల్లలు నిద్రపోతుండగా, ఆ తేడా కట్టి సంతకం పెట్టాను. ఇప్పుడు బుకింగ్ చేసిన రోజునే సభ్యత్వం గడువు తేదీ చూసి, అది ప్రయాణం తరువాతికి ఉందో లేదో సరిచూసుకుంటాను. అలాగే బుకింగ్ సభ్యత్వం ఉన్నవారి పేరునే ఉండాలి, వారు స్వయంగా అక్కడ బస చేయాలి. భర్త పేరున ఉన్న కార్డుతో భార్య తన స్నేహితురాళ్ళతో వెళ్దామంటే కుదరదు. అదనంగా కొంత కట్టి భార్యను అసోసియేట్ సభ్యురాలిగా చేర్చుకుంటే ఈ ఇబ్బంది ఉండదు.

తేదీల ఎంపికలో ఫోర్ట్ విల్డర్‌నెస్‌కు తనదైన పంచాంగం ఉంది. హాలోవీన్‌కు ఆర్వీల వాళ్ళు సైట్లను, గోల్ఫ్ కార్టులను దీపాలతో, బొమ్మలతో అలంకరించుకునే సంప్రదాయం ఉంది కనుక అక్టోబరు చివరి రోజులు ఎప్పుడో నిండిపోతాయి. క్రిస్మస్ కూడా అంతే. నవంబరు మొదట్లో న్యూజెర్సీ ఉపాధ్యాయుల సమావేశాల కోసం అక్కడి బడులకు సెలవులు ఇస్తారు, ఆ రోజుల్లో పార్కుల్లో ఆ రాష్ట్రంలోని ఎడిసన్ ఊరి నుంచి వచ్చిన తెలుగు మాటలు ప్రతి వరుసలోనూ వినిపిస్తాయి. ఆ సందడి ముగిశాక థాంక్స్‌గివింగ్ వరకు ఉండే రోజులు గుడారాలకు చక్కగా సరిపోతాయి. ఆగస్టు, సెప్టెంబరుల్లో రాయితీలు సులభంగా దొరుకుతాయి గాని, ఆ ఉక్కలో, తుఫానుల కాలంలో పెద్దవాళ్ళను గుడారంలో పడుకోబెట్టమని నేను చెప్పలేను. ఆర్వీ ఉన్నవారికైతే అది మంచి అవకాశమే. అయితే ఆర్వీలో వెళ్ళేవారు ఆర్వీ ఆగిపోతే లాగుకెళ్ళే సేవ తమ సభ్యత్వంలో ఉందో లేదో ముందే కనుక్కోవాలి. చాలా క్లబ్బుల్లో దానికి విడిగా అదనపు రుసుము కడితేనే ఆ సేవ ఉంటుంది.

మాకు దొరికిన సైటు గుడారాలకు కేటాయించిన 2000 నంబరు లూపులో, అంటే సైట్ల మధ్య తిరిగే దారిలో, ఉంది. అత్తయ్యగారు మొదట చూసుకున్నది కరెంటు స్తంభానికి సాధారణ ప్లగ్ ఉందా అని. ఉంది. చెక్క బల్ల మీద పాత న్యూస్ పేపరు పరిచి, రైస్ కుక్కర్ పెట్టి, ఇంటి నుంచి సీసాలో తెచ్చుకున్న చింతపండు గుజ్జుతో, చిన్న ఎలక్ట్రిక్ పొయ్యి మీద చారు కాచారు. బొగ్గుల మీద మామయ్యగారు వంకాయలు కాల్చారు, పచ్చడికి. పోపు వేసినప్పుడు ఇంగువ వాసన వెళ్ళిందేమో, పక్క సైటులోని టెనెస్సీ దంపతులు వచ్చి ఏమిటని అడిగి, ఒక గిన్నె పట్టుకెళ్ళారు. చీకటి పడుతుండగా చెట్ల మధ్య రెండు జింకలు మా గుడారానికి ఇరవై అడుగుల దూరంలో గడ్డి మేస్తూ నిలబడ్డాయి, పిల్లలు ఊపిరి కూడా గట్టిగా తీయలేదు. అలా వండుకోవడం వల్ల ఆరుగురికి పార్కులో ఒక పూట భోజనానికయ్యే ఖర్చు ఆదా అయినట్టే. ఇది ఏ రాయితీ పట్టికలోనూ కనిపించదు. పార్కుల దగ్గర కారు నిలపడానికి వేరే చెల్లించనక్కరలేదు, అక్కడ బస చేసేవారిని పార్కులోకి అరగంట ముందే వదులుతారు, డిస్నీ పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు రేవు నుంచి నేరుగా పడవ ఉంది. మోకాళ్ళ నొప్పులున్న మామయ్యగారి కోసం గోల్ఫ్ కార్టు తీసుకుందామా అని ఆలోచించాము గాని, దాని అద్దె విడిగా పడుతుంది, లోపల తిరిగే బస్సులు ఉచితం కనుక వాటితోనే సరిపెట్టుకున్నాము.

చివరి రాత్రి రేవు దగ్గర బెంచీ మీద కూర్చుని సరస్సుపై సాగే దీపాల ఊరేగింపు చూశాము. వాల్ట్ డిస్నీ వరల్డ్ మొదలైన 1971 నుంచి నడుస్తున్న ఊరేగింపు అది. చీకట్లో నీళ్ళ మీద దీపాలతో గీసినట్టు తిమింగలం, తాబేలు, సముద్రపు గుర్రాలు ఒకదాని వెనుక ఒకటి కదిలిపోతుంటే అత్తయ్యగారు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "మొత్తం మీద ఎంతయిందమ్మా?" అని అడిగారు. మా బిల్లు పైన చెప్పిన 486కు కొంచెం అటూ ఇటూగానే వచ్చింది. ఆరుగురికి, నాలుగు రాత్రులకు పంచి, మనిషికి రాత్రికి ఇరవై డాలర్లని చెప్పాను. ఆవిడ వేళ్ళ మీద రూపాయల్లోకి మార్చుకుని, తెనాలిలో ఉన్న తమ్ముడికి ఫోనులో మాటల సందేశం పెట్టారు. అందులో డబ్బుల ప్రస్తావన లేదు, జింకలు రెండని, తాబేలు ఆకుపచ్చగా ఉందని చెప్పారు.