ఎక్స్‌ఆర్‌డీ ఒకటి చెబితే సెమ్ ఇంకొకటి

రాత్రి టైమర్ పెట్టి వెళ్లిన ఓవెన్ పొద్దున్నకి చల్లారిపోయి ఉంది. సీసాలోంచి గాజు పలక తీసి డీఐ వాటర్‌తో (అయాన్లు తీసేసిన నీళ్లు) కడిగాను. కింది వైపు పల్చటి తెల్లపూత, నేను పెంచుతున్న జింక్ ఆక్సైడ్ సన్న కడ్డీలది. పలకని ఎప్పుడూ బోర్లా పెడతాం, లేకపోతే ద్రావణంలో పుట్టిన తుక్కంతా వచ్చి దానిమీదే కూర్చుంటుంది.

జింక్ నైట్రేట్, హెక్సమిన్ సమపాళ్లలో కలిపి 90 డిగ్రీల దగ్గర కొన్ని గంటలు ఉంచడమే పని. హెక్సమిన్ వేడికి మెల్లమెల్లగా విడిపోతూ అమ్మోనియా వదులుతుంది. క్షారం ఒక్కసారిగా పెరగదు కాబట్టి జింక్ ఆక్సైడ్ కూడా నింపాదిగా, ఆరు పలకల కడ్డీలుగా పైకి సాగుతుంది.

ఎక్స్‌ఆర్‌డీలో (ఎక్స్-కిరణాలు స్ఫటికం మీద పడి ఏ కోణాల్లో చెదురుతాయో చూసే పరీక్ష) 34.4 డిగ్రీల కోణం దగ్గరి పీక్ నిటారుగా లేచింది. అది కడ్డీ పొడవు దిశలో పేర్చుకున్న పొరల పీక్. మామూలు పౌడర్‌లో అయితే 36.3 దగ్గరిదే పెద్దన్న. ఇక్కడ అది నేలకి అంటుకుపోయిందంటే కడ్డీలు చాలావరకు నిలబడే ఉన్నాయన్నమాట. ప్రాణం లేచొచ్చింది.

మా జూనియర్ మాత్రం మొహం వేలాడేసుకుని వచ్చింది. "అక్కా, షెర్రర్ సూత్రంతో లెక్కేస్తే 40 నానోమీటర్లే వస్తోంది. సెమ్ మైక్రోస్కోప్‌లో చూస్తే కడ్డీ పొడవు మైక్రాన్ దాటింది. ఏది రాయను?" రెండూ రాయమన్నాను, కానీ రెండింటినీ ఒకే పేరుతో రాయొద్దన్నాను. పీక్ వెడల్పు నుంచి లెక్కగట్టే 1918 నాటి ఆ సూత్రం చెప్పేది క్రిస్టలైట్ సైజు, అంటే లోపల పరమాణువుల వరస చెదరకుండా ఎంత దూరం సాగిందన్నది. పైకి కనిపించే కడ్డీ కొలత కాదు. పైగా పీక్ వెడల్పులో మిషన్ వాటా ఉంటుంది, స్ట్రెయిన్ (స్ఫటికం లోపలి లాగుడు) వాటా ఉంటుంది. అవి తీసేయకుండా "పార్టికల్ సైజ్ 40" అని రాసేసిన పేపర్లు ఎన్ని చదివానో! ఒళ్లు మండుతుంది.

మధ్యాహ్నం సెమ్ (ఎలక్ట్రాన్ బీమ్‌తో బొమ్మ తీసే మైక్రోస్కోప్) స్లాట్. గాజు మీది శాంపిల్ కదా, గోల్డ్ కోటింగ్ పల్చబడ్డ చోటల్లా చార్జింగ్, అంటే ఎలక్ట్రాన్లు బయటికి పోలేక పోగుపడటం. బొమ్మ తెల్లగా మెరిసి పక్కకి జారిపోతోంది. బీమ్ వోల్టేజ్ తగ్గించాక నిలబడింది. ఆపరేటర్ గారు అలవాటుగా "మంచి చోటు వెతకమంటారా మేడమ్?" అన్నారు. వెతికారు కూడా, పలక మధ్యలో కడ్డీలు ఒత్తుగా, చూడముచ్చటగా ఉన్నాయి. తర్వాత అంచుకి వెళ్దామన్నాను. అక్కడ సగం వాలిపోయాయి, మధ్యమధ్యలో బోడి గాజు. అది కూడా అదే మాగ్నిఫికేషన్‌లో తీయించాను. ఎక్స్‌ఆర్‌డీ బీమ్ పడ్డంత మేరా కలిపి సగటు చెబుతుంది, ఫోటోకి ఆ బాధ లేదు.

రెండూ సార్‌కి పంపితే సాయంత్రం జవాబొచ్చింది: మధ్యది పేపర్లోకి, అంచుది సప్లిమెంటరీలోకి (పేపర్‌కి విడిగా జతచేసే అనుబంధం). రేపు వెళ్లి అడుగుతాను, రెండూ పక్కపక్కనే పెడితే ఏమవుతుందని.