గోడలో పడున్న పాత కేబుల్ వైరుతోనే పై అంతస్తులకి నెట్

మన శ్రీకాకుళంలో బలగ వైపు వెళ్ళినా అరసవల్లి రోడ్డుకి వెళ్ళినా ఎక్కువ ఇళ్ళు ఒకేలా ఉంటాయి, కింద పెద్దవాళ్ళు, పైన కొడుకు కోడలు, ఆ పైన ఒక పోర్షన్. ఫైబర్ మాత్రం కింద హాల్లో టీవీ పక్కనే ఆగిపోతుంది. స్తంభం మీంచి సన్న వైరు వచ్చి కిటికీ పక్క కన్నంలోంచి లోపలికి దూరి ఆ తెల్ల డబ్బాలో దిగుతుంది, అంతే. పైన ఉన్నవాళ్ళు ఫోన్ పట్టుకుని మెట్ల దగ్గరకొచ్చి నిలబడాలి.

చాలామంది ఇక్కడ ప్లాన్ పెంచేస్తారు. 100 ఎంబీపీఎస్ నుంచి 200కి, 200 నుంచి 300కి. దాని వల్ల పైన ఏమీ మారదండి, ఎందుకంటే లోటు ఫైబర్‌లో లేదు, స్లాబ్‌లో ఉంది. కాంక్రీటు, అందులో ఇనుప చువ్వల వల, ఇవి దాటేసరికి వైఫై నీరసించిపోతుంది, అందులోనూ స్పీడుగా ఉండే 5 గిగాహెర్ట్జ్ ఇంకా తొందరగా పోతుంది. ఎక్స్‌టెండర్ కొని మెట్ల దగ్గర పెడితే సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి కానీ అది వచ్చినదాన్ని అదే గాలిలో మళ్ళీ పంపాలి కాబట్టి స్పీడు సగానికి పడిపోతుంది. పై అంతస్తుకి వైరు వెళ్ళాలి, వైరు చివర ఒక రౌటర్ ఉండాలి, నాకు తెలిసి నమ్మకంగా పనిచేసే పద్ధతి ఇదొక్కటే.

మా మావయ్య ఇల్లు కూడా ఇలాంటిదే, కింద ఒకటి పైన రెండు. పై అంతస్తులో మా బావ ఇంట్లోంచే ఉద్యోగం చేస్తాడు, మీటింగ్ మధ్యలో మాట తెగిపోవడం మామూలైపోయింది. కొత్త వైరు వేయిద్దాం అంటే మావయ్య ఒప్పుకోలేదు, "ఏటిరా, గోడలు తవ్వీసి మళ్ళీ రంగులేయించమంటావా" అన్నారు. ఆయన అన్నది నిజమే. బయట గోడ మీంచి వేలాడదీద్దాం అంటే ఎండకి పెళుసెక్కిపోతుంది, కోతులున్నాయి, గాలివాన సంగతి ఈ జిల్లా వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. 2018 అక్టోబర్ 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు స్తంభాలకి స్తంభాలే ఒరిగిపోయాయి, బయట వేలాడే వైరు మీద నాకు నమ్మకం పోయింది అప్పుడే.

అందుకే ముందు గోడల్లో ఏముందో చూద్దాం అనుకుని ప్రతి గదిలో స్విచ్ బోర్డు పక్కనున్న ఖాళీ పాయింట్లు విప్పించాను. టీవీ పాయింట్ ప్రతి అంతస్తులో ఉంది. ల్యాండ్‌లైన్ పాయింట్ ఉంది. కాలింగ్ బెల్లు, ఇంటర్‌కామ్ వైర్లు ఉన్నాయి. ఎలక్ట్రీషియన్ తమ్ముడు టీవీ వైరు పట్టుకుని "ఈ నల్ల వైరు పీకీమంటారా అండి, డిష్ పెట్టాక దీంతో పని లేదు కదా" అన్నాడు. పీకొద్దన్నాను, మొత్తం ఇంట్లో విలువైన వైరు అదే.

అది ఆర్‌జీ 6 కోయాక్సియల్ వైరు. మధ్యలో ఒక రాగి తీగ, చుట్టూ తెల్లటి నురగ లాంటి ప్లాస్టిక్, దాని మీద రేకు, అల్లిక. బయటి గోల లోపలికి రాకుండా తయారుచేసిందే కాబట్టి నెట్‌కి కూడా బాగా సరిపోతుంది. దీని మీద నెట్ నడపడానికి మోకా అనే పద్ధతి ఉంది, 2004 నుంచి ఒక కంపెనీల కూటమి దీన్ని నడిపిస్తోంది. మోకా 2.5 అయితే వైరు మీద 2.5 జీబీపీఎస్ (అంటే 2500 ఎంబీపీఎస్) దాకా వెళ్తుంది. కింద రౌటర్ దగ్గర ఒక అడాప్టర్, పైన ఒక అడాప్టర్, రెండింటి మధ్య ఆ నల్ల వైరు, అంతే. పింగ్, అంటే సిగ్నల్ వెళ్ళి తిరిగి రావడానికి పట్టే సమయం, మూడు నాలుగు మిల్లీ సెకన్లు పెరుగుతుంది, వీడియో కాల్‌లో అది ఎవరికీ తెలీదు. మన ఊరి షాపుల్లో మాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లోనే తెప్పించుకున్నాం, రేటు కొంచెం ఎక్కువే, కానీ గోడ తవ్వి పూత పూసి రంగు వేయించే ఖర్చు పక్కన పెట్టి చూసుకోండి.

ఇక్కడ జాగ్రత్తగా చూసుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మోకా 1125 నుంచి 1675 మెగాహెర్ట్జ్ మధ్యలో మాట్లాడుతుంది. మామూలు కేబుల్ టీవీ దాదాపు 860 లోపే ఉంటుంది కాబట్టి దాంతో గొడవ లేదు, ఒకే వైరులో రెండూ నడుస్తాయి. కానీ డిష్ నుంచి వచ్చే సిగ్నల్ 950 నుంచి 2150 దాకా ఉంటుంది, అంటే సరిగ్గా దీని నెత్తి మీదే. డిష్ వైరూ మోకా వైరూ ఒకటి కాకూడదు, ఆ వైరు డిష్‌కి వాడుతుంటే మోకా ఆలోచన అక్కడితో ఆపేయండి. మావయ్య ఇంట్లో డిష్ వైరు వేరేగా డాబా మీంచి దిగింది కాబట్టి పాత కేబుల్ వైరు మొత్తం ఖాళీగా దొరికింది.

తర్వాత స్ప్లిటర్. పాత ఇళ్ళల్లో మెట్ల కింద ఒక చిన్న ఇనుప డబ్బా ఉంటుంది, ఒక వైరు వచ్చి మూడు నాలుగుగా చీలుతుంది. దాని మీద 5–1000 అని అచ్చు వేసుంటే అది టీవీకి చేసింది, మోకా మాట్లాడే చోట దానికి లెక్క లేదు, సిగ్నల్ చాలా వరకు అక్కడే తినేస్తుంది. రెండు చోట్లకే కావాలంటే స్ప్లిటర్ తీసేసి రెండు వైర్లూ నేరుగా జాయింట్ వేసేయండి, అదే అన్నిటికన్నా మంచిది. మూడు చోట్లకి కావాలంటే 1675 దాకా పనిచేసే స్ప్లిటర్ తెచ్చుకోవాలి. మధ్యలో కేబుల్ వాళ్ళు పెట్టిన యాంప్లిఫయర్ ఉంటే దాన్ని దాటి వెళ్ళదు. వీధిలోంచి వచ్చే లైను ఇంకా తగిలించి ఉంటే మాత్రం విప్పించేయండి, లేకపోతే మీ ఇంటి సిగ్నల్ వీధి లైనులోకి కూడా వెళ్తుంది. కేబుల్ టీవీ ఇంకా చూసేవాళ్ళయితే ఇంట్లోకి వచ్చే చోట మోకా సిగ్నల్ బయటికి పోకుండా ఆపే మోకా ఫిల్టర్ పెట్టాలి.

కనెక్టర్లు కూడా చూసుకోవాలి. చేత్తో తిప్పి బిగించిన పాత కనెక్టర్లలో అల్లిక తీగ ఒక్క పోగు వెళ్ళి మధ్య తీగకి తగిలినా లైను చచ్చిపోతుంది. డాబా మీదున్న జాయింట్లు సముద్రపు గాలికి తుప్పు పట్టేస్తాయి. అన్నీ కోసేసి కంప్రెషన్ రకం కొత్తవి వేయించాం, రెండో అంతస్తు అసలు పలికింది అప్పుడే.

కరెంటు వైరు మీద నెట్ పంపే పవర్‌లైన్ అడాప్టర్ల గురించి చాలామంది అడుగుతారు. డబ్బా మీద 1000, 1200 అని ఉంటుంది, చేతికి వచ్చేది అందులో చిన్న వాటా. ఒకే మీటర్ కింద పక్క గదికైతే ఫర్వాలేదు. మన ఇళ్ళల్లో పోర్షన్ పోర్షన్‌కీ వేరే మీటర్, ఒక్కోటి ఒక్కో ఫేజు మీద ఉంటుంది, మధ్యలో ఇన్వర్టరు, ఇవన్నీ దాటి పై అంతస్తుకి చేరేది దాదాపు ఏమీ ఉండదు. సర్జ్ ప్రొటెక్షన్ ఉన్న ఎక్స్‌టెన్షన్ బాక్స్‌లో పెడితే ఇంకా అన్యాయం. నేనైతే అంతస్తు మారడానికి దీన్ని ఎవరికీ చెప్పను. ల్యాండ్‌లైన్ వైరు మీద జీ.హెచ్‌ఎన్ అని ఇంకో పద్ధతి ఉంది, ఒక్క జత తీగల మీద కూడా పనిచేస్తుంది, టీవీ వైరు లేని ఇళ్ళకి అదొక దారి.

ఇంటర్‌కామ్‌కో కెమెరాకో క్యాట్ 5ఈ అనే ఎనిమిది తీగల నెట్ వైరు వేసుంటే మీ అదృష్టం, అడాప్టర్లే అక్కర్లేదు, 100 మీటర్ల దాకా ఒక జీబీపీఎస్ మోస్తుంది. కానీ చాలా చోట్ల ఎనిమిది తీగల్లో నాలుగే బిగించి వదిలేస్తారు. స్పీడ్ టెస్ట్ ఎన్నిసార్లు చేసినా 94 దగ్గరే ఆగిపోతుందంటే లైను 100 ఎంబీపీఎస్‌కి దిగిపోయిందని, ఎక్కడో ఒక తీగ అందలేదని అర్థం. రెండు చివర్లా ఒకే వరుసలో ఎనిమిదీ బిగించాలి: ఆరెంజ్ గీత తెలుపు, ఆరెంజ్, ఆకుపచ్చ గీత తెలుపు, నీలం, నీలం గీత తెలుపు, ఆకుపచ్చ, గోధుమ గీత తెలుపు, గోధుమ.

ఏ వైరూ పనికిరాకపోయినా అది వచ్చిన పైపు ఉంది కదా. పాత వైరు చివర కొత్త క్యాట్ 6 గట్టిగా టేపుతో చుట్టి రెండో వైపు నుంచి మెల్లగా లాగితే, పైపు నలిగిపోకుండా ఉంటే, కొత్తది దాంతోపాటు వచ్చేస్తుంది. మొదటి అంతస్తుకి మేము ఇలాగే లాగాం, ఒక వంపు దగ్గర పట్టేస్తే టాల్కం పౌడర్ వేసి లాగారు. లాగేముందు వైరు చివర గీకి చూడండి, లోపల తెల్లగా మెరిస్తే అది అల్యూమినియం మీద రాగి పూత వేసిన రకం, తక్కువకి ఇస్తారు కానీ గోడ లోపల పెట్టుకోవద్దు. కరెంటు వైర్లున్న పైపులో మాత్రం నెట్ వైరు ఎట్టి పరిస్థితిలోనూ దూర్చకండి, ప్రాణాల మీదకి వస్తుంది.

పైన పెట్టే రౌటర్‌ని యాక్సెస్ పాయింట్ మోడ్‌లో (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా పంచడం ఒక్కటే చేసేలా) పెట్టండి, కింద ఉన్న వైఫై పేరూ పాస్‌వర్డే ఇవ్వండి, మెట్లెక్కుతుంటే ఫోన్ చాలావరకు దానంతట అదే మారిపోతుంది. కరెంటు పోతే కింద ఫైబర్ డబ్బా, రౌటర్, అడాప్టర్లు అన్నీ ఇన్వర్టర్ మీదో చిన్న డీసీ యూపీఎస్ మీదో ఉండాలి. దారిలో ఒక ఫైబర్‌ని ఇళ్ళకి పంచే ఫైబర్ స్ప్లిటర్‌కి కరెంటే అక్కర్లేదు కాబట్టి ఆపరేటర్ వైపు బ్యాకప్ ఉంటే వీధంతా చీకటైనా నెట్ ఆగదు, బావకి ఇప్పుడు మీటింగులు అలాగే గడుస్తున్నాయి.

ఉద్దానం వైపు ఇళ్ళల్లోలా పెరట్లో ఇంకో ఇల్లు విడిగా ఉంటే దానికి రాగి వైరు లాగొద్దండి, పిడుగు దగ్గర్లో పడితే ఆ వైరు మీంచే రెండిళ్ళ సామానూ పోతుంది. అక్కడ ఫైబర్ ముక్కే వేసి రెండు వైపులా మీడియా కన్వర్టర్ (ఫైబర్‌ని మామూలు నెట్ వైరుకి కలిపే చిన్న డబ్బా) పెట్టించండి, గాజు తీగ కరెంటు మోయదు. కొనేటప్పుడు లోపల బలానికి ఇనుప తీగ లేని రకం అడగండి.