గట్టి నేల మీదే తిరగాలి

డిసెంబరు మొదటి ఆదివారం, రాత్రి తొమ్మిదిన్నర.

వాయుగుండం దాటిపోయి నాలుగు రోజులయినా మా చేలో నీరు పూర్తిగా లాగలేదు. పడిపోయిన సార్వా వరి పంటను ఇంకా ఆపితే కంకి మీదనే మొలకలు వస్తాయన్న భయంతో ఈరోజు పొద్దున్నే చైను మిషనును, అంటే చక్రాలకు బదులు చైనుల మీద నడిచే కోత మిషనును, పిలిపించాను. టైరు మిషనుకు బాడుగ తక్కువే గాని, ఇంత తడిలో అది గట్టు దిగిన చోటనే కూరుకుపోతుంది.

మిషను నడిపే అతను ఇంజను వేయకముందు చెప్పులు విడిచి చేలోకి దిగాడు. బోదె దగ్గర నుంచి మురుగు కాలువ వరకు మడి మొత్తం నడుస్తూ, పది అడుగులకొకసారి ఆగి మడమతో నేలను నొక్కి చూశాడు. తిరిగి వచ్చి, "మేష్టారూ, మురుగు పక్క అరెకరం నేను కొయ్యనండి. లోపలికెళ్లడానికి మిషను వెళ్తదండి, ఆయ్. తిరిగేటప్పుడే దిగబడిపోద్ది" అన్నాడు.

ఆ మాట నన్ను రోజంతా, సాయంత్రం మేనల్లుడితో ఆడే యుద్ధయంత్రాల ఆట దాకా, వదలలేదు. కోత సాగినంతసేపూ నేను గట్టు మీద నిలబడి ధాన్యాన్ని గాక చైనులను చూస్తూ ఉన్నాను. తిన్నగా పోతున్నప్పుడు చైను నేల మీద చాప పరిచినట్టు పరుచుకుంటూ పోతుంది. మలుపు తిప్పేటప్పుడు మాత్రం ఒక పక్క చైను ఆగి రెండో పక్కది తోస్తుంది కనుక, ఆగినది అడ్డంగా రాసుకుంటూ పైపొరను చీల్చివేసి, తన గోతిని తానే తవ్వుకుంటుంది. అందుకే అతను ప్రతిసారీ గట్టు వారనున్న గట్టి నేల వరకు ఖాళీగానైనా వచ్చి, అక్కడ వెడల్పుగా మలుపు తీసుకున్నాడు. తడి ఎక్కువగా ఉన్న చోట ఒకసారి పోయిన చాలులో రెండోసారి పోలేదు.

నేనూ మా మేనల్లుడూ రెండేళ్లుగా ఆదివారం సాయంత్రాలు బ్యాటిల్‌టెక్ ఆడుతున్నాము. మనిషి లోపల కూర్చుని నడిపే మహా యుద్ధయంత్రాల ఆట అది. 1984లో బ్యాటిల్‌డ్రాయిడ్స్ అన్న పేరుతో మొదట వచ్చింది. ఆరు మూలల గడుల పటం మీద, ఇరవై టన్నుల తేలికపాటి యంత్రం నుంచి వంద టన్నుల అట్లాస్ వరకు రకరకాల యంత్రాలను నడిపించాలి. ఏ యంత్రానికి ఎంత పెద్ద ఫిరంగి ఉందన్నదే కొత్తవారు చూస్తారు. నేనూ చాలాకాలం అదే చూశాను.

మధ్యాహ్నం మిషను ఆగినప్పుడు టేపు తీసి చైనును కొలిచాను. వెడల్పు 45 సెంటీమీటర్లు, నేలకు ఆనే పొడవు మీటరున్నర. మిషను బరువు దాదాపు మూడు టన్నులని అతను చెప్పాడు. అంటే రెండు చైనుల మీద చదరపు సెంటీమీటరుకు పడే బరువు 220 గ్రాములు. డెబ్భై కిలోల మనిషి ఒంటికాలి మీద నిలబడితే పడేది అంతకంటే ఎక్కువే. ఇక వంద టన్నుల యంత్రం రెండు కాళ్ల మీద నడవాలంటే, అడుగు వేసే ప్రతిసారీ బరువంతా ఒక్క పాదం మీదకే వస్తుంది. ఆ పాదం మూడు మీటర్ల పొడవు, రెండు మీటర్ల వెడల్పు ఉందనుకున్నా, చదరపు సెంటీమీటరుకు 1,670 గ్రాములు పడుతుంది. కోత మిషను కంటే ఏడున్నర రెట్లు. మా మురుగు పక్క అరెకరంలో ఆ మహాకాయం రెండో అడుగు వేయలేదు.

నిజమైన యుద్ధంలోనూ ఇది జరిగింది. 1965 సెప్టెంబరులో పంజాబులోని ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ వద్ద, మన సైన్యం చేలకు నీరు వదిలి, గుర్రపు నాడా ఆకారంలో మూడు వైపులా కాచుకుంది. నలభై టన్నులు దాటిన పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులు చెరకు తోటల మధ్యకు వచ్చి, ఆ తడి నేలలో వేగం పోగొట్టుకుని, వెనక్కి తిరగలేక పదుల సంఖ్యలో అక్కడే పోయాయి. లోపలికి రావడానికి వాటికి అడ్డేమీ రాలేదు.

పోయిన ఆదివారం నేను ఓడిపోయిన కారణం ఈరోజు గట్టు మీద నిలబడి ఉండగా అర్థమయింది. అట్లాస్ నడకలో ఒక వంతుకు మూడు గడులు మాత్రమే పోగలదు. ఆరు మూలల గడిలో ఒక్క పక్కకు తిరగడానికి ఒక అడుగు, అంటే ఒక గడి నడిచినంత, ఖర్చు. వెనక్కి పూర్తిగా తిరగాలంటే మూడు పక్కలు, అంటే నడకంతా అందులోనే అయిపోతుంది. నడుము పైభాగాన్ని ఒక పక్కకు తిప్పుకోవచ్చు గాని, వెనుక నిలబడిన వాడికి అది చాలదు. దాని రొమ్ము కవచం 47 పాయింట్లు, వీపున 14 మాత్రమే. మా వాడి ఇరవై టన్నుల లోకస్ట్ ఒక్క పరుగులో తన పన్నెండు అడుగులూ ఖర్చు పెట్టి, చుట్టి నా వీపు వైపుకు వచ్చింది. దాన్ని తరుముతూ నేను వరసగా మూడుసార్లు నా వంతును తిరగడంలోనే గడిపాను.

డెల్టా దాటి పిఠాపురం వైపు పోతే చందుర్తి వస్తుంది. 1758 డిసెంబరులో, అంటే ఈ కోతల రోజుల్లోనే, అక్కడ ఫ్రెంచివారికీ ఇంగ్లీషువారికీ యుద్ధం జరిగింది. ఏపుగా పెరిగిన చేను ఇంగ్లీషు పటాలాన్ని కప్పివేయగా, ఎర్ర కోట్లు వేసుకున్న ఇంగ్లీషువారి దేశీ సిపాయిలనే అసలు తెల్లవారి పటాలం అనుకుని ఫ్రెంచి దళం అటు మళ్లింది. మళ్లడంతో దాని పక్క బయటపడింది, చేను వెనుక నుంచి వచ్చిన ఇంగ్లీషు కర్నల్ ఫోర్డు సేన ఆ పక్కనే కొట్టింది. మా తరగతిలో ఈ యుద్ధం చెప్పినప్పుడల్లా నేను తారీకు చెప్పి ఊరుకునేవాణ్ణి. ఎవరు ఎటు తిరిగారన్నది చెప్పవలసింది.

సాయంత్రం పటం పరిచేసరికి ఏం చేయాలో తేల్చుకున్నాను. అట్లాస్‌ను కాలువ ముందున్న గట్టి నేల మీద నిలిపి, రెండు గడుల వెనుక మధ్యరకం యంత్రాన్ని వీపుకు వీపుగా పెట్టాను. కాలువలో దిగితే కాళ్లలోని శీతలీకరణ యంత్రాలు రెట్టింపు పని చేస్తాయి, వరసగా కాల్చి వేడెక్కిన యంత్రానికి అది పెద్ద ఊరట. కాలువ గట్టున పుట్టిన నాకు ఆ నియమమంటే మొదటి నుంచీ ఇష్టమే. అయితే మొలలోతు నీటిలో గడికి రెండు అడుగుల ఖర్చు, జారి పడే ప్రమాదమూ ఉంది. మిగిలిన ఒక్క అడుగుతో ఎటు తిరగగలను? ఈరోజు దిగలేదు.

తేలిక యంత్రాన్ని మాత్రం ఎడమన అడవి అంచుకు పంపాను. మేనల్లుడు చాలాసేపు ఆలోచించి తన ఎనభై టన్నుల యంత్రాన్ని దాని వైపు రెండు పక్కలు తిప్పాడు. దాని పార్శ్వం అట్లాస్‌కు ఎదురుగా వచ్చింది.

"మావయ్యా, దాన్ని వదిలేసి తిన్నగా రావలసిందా?" అని అడిగాడు.

పొద్దున్న మిషను మలుపు తిరిగిన చోటికి రేపు ఒకసారి తీసుకువెళ్లి చూపిస్తానని చెప్పాను. ఎలాగూ పోవాలి, మురుగు పక్క అరెకరం కొడవళ్లతో కోయడానికి ఆరుగురు కూలీలు ఏడింటికల్లా వస్తామన్నారు.