చిత్రిక మీద మనసు

శనివారం, రాత్రి పదిన్నర

పొద్దున్నుంచీ ఒకటే ముసురు. సెలవు కదా అని టిఫిన్ కాగానే వెనక బాల్కనీలోకి వెళ్లి కూర్చున్నాను. కాళ్లు పెట్టుకోవడానికి ఒక పీట చేసిస్తానని ఉగాదినాడు అమ్మకు మాటిచ్చాను. శ్రావణం వచ్చేసింది. కాళ్లు, అడ్డపట్టీలు అయిపోయి పైపలక ఒక్కటే మిగిలింది. అది ఊళ్లో పాత ఇల్లు పడగొట్టినప్పుడు తెచ్చుకున్న టేకు తలుపుచెక్క. పైన రంగు పొరలుగా ఊడిపోతోంది కానీ, కాస్త గీకితే లోపల తేనె రంగు, ఆ నూనె వాసన అలాగే ఉన్నాయి. నడుమ ఒక ముడి ఉంది. ఇవాళ్టి తంటా అంతా ఆ ముడి దగ్గరే.

చెక్కను నున్నగా తోసే నా చిత్రిక రాణీగంజ్‌లో కొన్న ఇనుపది, సైజు నాలుగో నంబరు. ఈ నంబర్లు అమెరికాలో స్టాన్లీ కంపెనీ పెట్టినవి. 1869లో ఆ కంపెనీ లెనార్డ్ బెయిలీ అనే ఆయన దగ్గర చిత్రికల పేటెంట్లు కొనుక్కుంది. ఇప్పటికీ ప్రపంచమంతా దాదాపు ఆయన పద్ధతే. వెనక చిన్న ఇత్తడి చక్రం తిప్పితే బ్లేడు వెంట్రుకవాసి ముందుకో వెనక్కో జరుగుతుంది. ఆ ఊహ ఎంత గొప్పదో నా నాసిరకం చిత్రికలో కూడా తెలుస్తూనే ఉంటుంది.

దాని అడుగు మట్టంగా లేదు. మందపాటి అద్దం మీద గరుకుకాగితం అంటించి, చిత్రిక అడుగున పెన్సిల్‌తో అడ్డగీతలు గీసి రుద్దాను. ముందు గీతలు, వెనక గీతలు చెరిగిపోయాయి. సరిగ్గా బ్లేడు బయటికి వచ్చే నోటి ముందు మాత్రం గీతలు చెక్కుచెదరలేదు. అంటే చెక్కను అదిమి పట్టాల్సిన చోటే పల్లం. అవి చెరిగేదాకా రుద్దేసరికి రెండు గంటలు పట్టింది. బ్లేడు సానబెట్టి, దాని మీది రేకును అంచుకు అర మిల్లీమీటరు కన్నా దగ్గరగా బిగించాను. అలా ఉంటే లేచే పీచును ఆ రేకు అక్కడికక్కడే విరిచేస్తుంది, పెచ్చు ఊడదు.

తోశాను. ఉల్లిపొరలాంటి చుట్ట ఒకటి పైకి లేచి నా మణికట్టు మీదుగా జారింది. ఆ చప్పుడు కోసం ఎన్ని శనివారాలైనా కూర్చుంటాను. ముడి దగ్గరికి రాగానే మాత్రం బ్లేడు టకటకా వణికి, చెక్క మీద మెట్లు మెట్లుగా గీతలు పడ్డాయి. ఒకచోట పెచ్చు లేచింది. బ్లేడు కింద ఉండే ఆనిక దిమ్మె చిత్రిక ఒంటికి పూర్తిగా ఆనకపోతే ఇంతే.

నా మనసంతా లీ నీల్సన్ నాలుగో నంబరు చిత్రిక మీద ఉంది. అమెరికాలోని మెయిన్ రాష్ట్రంలో థామస్ లీ నీల్సన్ 1981లో మొదలుపెట్టిన కంపెనీ అది. పాత స్టాన్లీ బెడ్‌రాక్ చిత్రికల్లోలాగే దాంట్లో ఆ దిమ్మె కింద ఒంటికి పూర్తిగా అంటుకుని కూర్చుంటుంది. బ్లేడు కూడా మందం. డాలర్లను రూపాయల్లోకి మార్చి, రవాణా, కస్టమ్స్ కలుపుకుంటే పాప స్కూల్ టర్మ్ ఫీజు కళ్ల ముందు కనిపిస్తుంది.

మధ్యాహ్నం భోజనాల దగ్గర ఈ మాటే వచ్చింది. మా ఆవిడ కోప్పడలేదు. "అది కొంటే ఈ పీట ఇంతకన్నా బాగా వస్తుందాండీ?" అని అడిగింది. నోట మాట రాలేదు.

మా ఇంటి గుమ్మాలు చేసిన మేస్త్రీగారిది చెక్క చిత్రిక, వాళ్ల నాన్న వాడినది. సుత్తితో రెండు దెబ్బలు వేసి బ్లేడు సరిచేసుకుని, ఒక కన్ను మూసి చూసి తోసేవారు. "చెక్క ఎటు పడుకుందో చూసి తొయ్యి బాబూ, ఎదురు తోస్తే లేస్తుంది" అనేవారు. ఆయన ఎడమచేతి చూపుడువేలు సగమే ఉండేది, మిషన్ రంపం తీసుకుపోయింది. అమెరికాలో స్టీవ్ గ్యాస్ అనే ఆయన 1999లో ఒక రంపం కనిపెట్టాడు. చర్మం తగిలిన క్షణంలో అల్యూమినియం దిమ్మె ఎగిరి పళ్లలో దిగబడి, సెకనులో 200వ వంతులో బ్లేడు ఆగిపోతుంది. దాని గురించి చదివినప్పుడల్లా ఆయన వేలే గుర్తొస్తుంది. అలాంటి రంపం ప్రతి వడ్రంగి షాపులోనూ ఉండాలని నిజంగా అనిపిస్తుంది.

తనకు చెప్పాల్సిన జవాబు సాయంత్రానికి గానీ తట్టలేదు. మేస్త్రీగారి చేతిలో ముప్పై ఏళ్ల పని ఉంది. రోజూ అదే పని కాబట్టి పనిముట్టులో లోటు ఆ చేయి సర్దుకునేది. నాకున్నది వారానికి ఒక పూట. అందులో సగం చిత్రికను బాగుచేయడానికే పోతోంది. చిత్రికతో సంపాదించేవాళ్లకైతే ఖరీదైనది కొన్నా లెక్క కుదురుతుంది, నాకు కుదరదు అని ఇన్నాళ్లూ అనుకున్నాను. తక్కువ టైమ్ ఉన్నవాడికే మంచి పనిముట్టు ఎక్కువ అవసరం అని ఇప్పుడు అనిపిస్తోంది. పెచ్చు లేచినప్పుడు తప్పు నా చేతిదా, ఇనుముదా అన్నది కూడా తేలాలి కదా. రాత్రి ఇదంతా తనకు చెప్పాను. "సరే, పాప ఫీజు కట్టాక చూద్దాం" అంది. అది కాదనడం కాదని నాకు తెలుసు.

పడుకునే ముందు అమ్మ వచ్చి పలక మీద అరచెయ్యి వేసి నిమిరింది. "నున్నగానే ఉందిరా" అంది. ముడి దగ్గర వేళ్లు ఆగాయి, ఏమీ అనలేదు. అలాంటి చోట మేస్త్రీగారు గాజుపెంకుతో గీకేవారు. రేపు పొద్దున అలా గీకి చూడాలి. బ్లేడుకు కొబ్బరినూనె రాసి గుడ్డలో చుట్టి పెట్టాను. ముసురు ఇంకా తగ్గలేదు.