జమ్మిచెట్టు మీది మూట

దసరా అంటే మా ఇంట్లో ఆయుధపూజే. మాది నెల్లూరు జిల్లా, పొదలకూరు పక్కన. తాత కాలంలో కమ్మరి కొలిమి. నాయన చేతికి వచ్చాక ఆయిల్ ఇంజన్లు, మోటార్లు, ఇస్త్రీ పెట్టెలు, ఏది చెడిపోయినా మా షాపుకే వచ్చేది. ఇప్పుడు తమ్ముడు నడిపేది వెల్డింగ్ షాపు. ముందు భాగం మారిపోయింది గానీ వెనక రేకుల షెడ్డు మాత్రం తాత వదిలిపోయినట్టే ఉంది. దాగలి, సమ్మెట, నోరు విరిగిన పట్టకార్లు, కొడవళ్లు సాగగొట్టడానికి తెచ్చిన లారీ కమాన్ పట్టీల ముక్కలు, డాల్డా డబ్బాల నిండా నట్లూ బోల్టులూ, దూలాల మీద గోనెపట్టాల్లో కట్టి పెట్టిన మూటలు, ఆ మూటల్లో ఏముందో మాకెవరికీ తెలియదు.

ఈసారి పండక్కి వారం ముందే ఊరికి పోయాను. "అన్నా, ఇదంతా పాత ఇనప కొట్టుకు వేసేద్దాం, చోటు కలిసొస్తుంది" అన్నాడు తమ్ముడు. నేనూ సరే అన్నాను. అమ్మేసే ముందు గుర్తుగా నాలుగు ఫోటోలు తీసుకుందామని, సెకండ్ హ్యాండ్‌లో కొన్న కెమెరా పట్టుకుని షెడ్డులోకి పోయాను.

మొదటి రోజు ఫ్లాష్ వేసి తీశాను. ప్రతి ఫోటోలో తుప్పే కనపడింది, తుప్పు తప్ప ఇంకేమీ లేదు. మర్నాడు ఫ్లాష్ తీసేసి, కెమెరాని స్టూలు మీద కదలకుండా పెట్టి, సెకనులో నాలుగో వంతు సేపు వెలుగు లోపలికి పోయేలా చేసి తీశాను. అలా తీయాలంటే తొందరపడటం కుదరదు. ఒక్కో వస్తువు ముందు గొంతుకూర్చుని, అది ఎటు తిరిగి ఉంది, వెలుగు ఎటు నుంచి వస్తోంది, ఇవన్నీ చూడాలి. అప్పుడు కనపడింది నాకు, ఇన్నేళ్లూ కళ్ల ముందే ఉన్నది. మా రేకులకు మేకుల చిల్లులు ఉన్నాయి, మధ్యాహ్నం పూట వాటిలోంచి ఎండ పడుతుంది గదా, ఆ ఎండ చుక్కలన్నీ గుండ్రంగానే ఉన్నాయి. చిల్లేమో వంకర, చీలిక, పగులు. కింద పడే వెలుగు మాత్రం గుండ్రం, రూపాయి బిళ్లకంటే కొంచెం పెద్దది. అవి చిల్లు ఆకారాలు కావు, సూర్యుడి బొమ్మలు. సన్నటి రంధ్రంలోంచి వచ్చే వెలుగు సూర్యబింబాన్నే కింద దించుతుంది. సూర్యగ్రహణం పూట చెట్టు కింద నేల మీద నెలవంకలు రాలినట్టు కనపడేదీ ఇందుకే. అంటే నేను కెమెరా పట్టుకుని కూర్చున్న షెడ్డే ఒక పెద్ద కెమెరా. దాగలి మీద ఒక సూర్యుడు, ఆకురాళ్ల మీద ఇద్దరు, మూత లేని ఒక డబ్బాలోకి ఇంకొకడు. ఆ డబ్బాలో కాకిబంగారం రేకులున్నాయి. సైదాపురం గనుల వైపు నుంచి వచ్చిన అభ్రకం, ఇస్త్రీ పెట్టెల్లో తీగ చుట్టడానికి నాయన వాడేవాడు. ఎండ దాని మీద పడి, పైన రేకుల కింద మసి పట్టిన దూలం మీదికి చిందుతా ఉంటే నేను ఫోటో తీయడం మర్చిపోయి చేతులు జోడించాను. ఎందుకు జోడించానో అప్పుడు తెలియలేదు.

విజయదశమి సాయంత్రం జమ్మిచెట్టు దగ్గర మనమందరం చదివే శ్లోకం ఉంది గదా.

శమీ శమయతే పాపం శమీ శత్రువినాశినీ
అర్జునస్య ధనుర్ధారీ రామస్య ప్రియదర్శినీ

చిన్నప్పటి నుంచి కాగితం మీద రాసి, కింద ఇంట్లో వాళ్ల పేర్లు రాసి చెట్టుకు కట్టినవాణ్ణే గానీ, మూడో మాట దగ్గర ఎప్పుడూ ఆగలేదు. అర్జునస్య ధనుర్ధారీ. అర్జునుడి విల్లును ధరించినది. ఆ చెట్టు యుద్ధం చేయలేదు, బాణం వేయలేదు. అజ్ఞాతవాసం ఏడాదీ ఎండకూ వానకూ ఆ మూటను మోసింది, అంతే. ఆ మోసినందుకే దానికి పూజ.

ఆ మూట కథ విరాటపర్వంలో ఉంది. మన నెల్లూరు మనుమసిద్ధి కొలువులో తిక్కన సోమయాజి 13వ శతాబ్దంలో భారతం మొదలుపెట్టిందే విరాటపర్వంతో. అందుకే కాబోలు నాకు ఆ కథ మీద మా ఊరి కథన్నంత ప్రేమ. శ్మశానం పక్కన జమ్మిచెట్టు, దాని మీద పాండవుల ఆయుధాలు, ఎవరూ దగ్గరికి రాకుండా అది శవమని పుట్టించిన మాట. కౌరవులు గోవుల్ని తోలుకుపోతున్నారు, బృహన్నల ఉత్తరుణ్ణి చెట్టెక్కి ఆ మూట దించమంటాడు. రాజకొడుకుని, శవాన్ని ముట్టుకోమంటావా అంటాడు ఉత్తరుడు. శవం కాదు, విల్లులు అంటాడు అర్జునుడు. కట్లు విప్పితే లోపలున్నవి ధగధగలాడతాయి. అప్పుడు ఉత్తరుడు అడిగే ప్రశ్న చూడండి. వీటితో గెలుస్తామా అని కాదు. ఒక్కో విల్లు మీది గుర్తులు చూసి, ఇది ఎవరిది, ఇది ఎవరిది అని అడుగుతాడు. అర్జునుడు ఒక్కోదానికీ పేరు చెబుతాడు. ఎదురుగా అంత సైన్యం ఉన్నా ఇద్దరూ ముందు ఆ పని చేశారు.

నాకు ఆయుధపూజ అంటే ఇదే అనిపిస్తోంది ఇప్పుడు. ఇది ఎవరిది అని అడగటం. పసుపు కుంకుమ పెట్టేది ఆ తర్వాత.

ఫ్లాష్ లేకుండా తీసిన రోజు రాత్రి ఫోటోలన్నీ ఫోనులోకి ఎక్కించి నాయన దగ్గర కూర్చున్నాను. ఆయనకు చూపు మందగించింది, చీకటి షెడ్డులోకి పోలేడు. కానీ ఫోనులో బొమ్మ పెద్దది చేసి చూపిస్తే ముఖం మారిపోయింది.

"ఇది మీ తాత సుత్తి. పిడి చూడు, బొటనవేలు పెట్టే కాడ గుంటపడుండాది. ఆయనది ఎడంచేతి వాటం."

"ఈ ఉలి?"

"మా మేనమామది. పొడుగయితే ఆయనకి పట్టు దొరకదు, జానెడు కోసేసినాడు. కోసినందుకు మీ తాత రెండు దినాలు మాట్లాడలా."

దూలం మీది మూటలు కూడా దించి, విప్పి, తీసుకొచ్చి చూపించాను. తమ్ముడు కూడా వచ్చి కూర్చున్నాడు. కొట్టుకు వేసే సంగతి వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. (పనికిరాని పైపు ముక్కలు, తుప్పు తిన్న రేకులు మాత్రం తర్వాత అమ్మేశాం.) తెల్లారి కిరసనాయిలు, పాత గుడ్డలు తెచ్చుకుని తుడవడానికి కూర్చున్నాం. నేను సుత్తి పిడికి ఉప్పుకాగితం పెట్టబోతే నాయన గట్టిగా అరిచాడు. "దాన్ని రుద్దబాక! ఆ నునుపు చేత్తో వచ్చింది."

నవమి పొద్దున షెడ్డు కడిగి, మామిడాకులు కట్టి, బంతిపూల దండలు వేశాం. నిమ్మకాయలకు మా పొదలకూరులో కొదవ లేదు. దిష్టి గుమ్మడికాయ, బొరుగులు, పుట్నాలు, బెల్లం, అరటిపండ్లు. సామాన్లన్నీ పీట మీదా, పీట చాలక కింద కొత్త టవల్ మీదా వరసగా పెట్టి, అమ్మ ఒక్కోదానికీ బొట్టు పెడతా వచ్చింది. ఏటా ఆమే పెడుతుంది. ఈసారి నాయన పక్కన కుర్చీ వేసుకుని పేర్లు చెబుతున్నాడు, తాతది, మేనమామది, నాది, తమ్ముడిది.

చివర్లో ఒక కర్రపిడి దగ్గర ఆగాడు. అరచేయంత పొడుగు, మధ్యలో సన్నబడిపోయి, నల్లగా మెరుస్తా ఉంది. కొలిమికి గాలి కొట్టే చేతి బ్లోయరుది. చక్రం ఎప్పుడో పోయింది, పిడి ఒక్కటే గోనెపట్టాలో దొరికింది. ఫోటోలో చూసినప్పుడు కూడా ఆయన దీనికి పేరు చెప్పలేదు.

"ఇది ఎవరిది నాయనా?"

ఆయన మాట్లాడలేదు. అమ్మ కుంకుమ గిన్నె కింద పెట్టి, ఆ పిడిని చేతిలోకి తీసుకుంది. వేళ్లు సరిగ్గా ఆ సన్నబడిన చోటే కూర్చున్నాయి.

"పెళ్లయిన ఏడాది నుంచి నువ్వు పుట్టేదాకా కొలిమి కాడ తిప్పింది నేనే గదా" అంది.

నాయన తాత సుత్తిని కొంచెం పక్కకు జరిపించాడు. "దాన్ని ఆడ పెట్టు, అమ్మవారి పటం ముందర" అన్నాడు. అమ్మ పెట్టలేదు, సిగ్గుపడింది. తమ్ముడు తీసి పెట్టాడు. బొట్టు నేను పెట్టాను.