రాంబామ్ వెనక ఉన్న తమ్ముడు

పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు, వైద్యుడు మైమోనిడిస్ గురించి ఎవరు రాసినా ముందు ఆయన పుస్తకాల గురించి చెబుతారు, తర్వాత కైరో దర్బారులో చేసిన వైద్యం గురించి చెబుతారు, మధ్యలో ఎక్కడో ఒక్క వాక్యంలో తమ్ముడు సముద్రంలో మునిగి చనిపోయాడని అనేసి ముందుకు పోతారు. నేను మాత్రం ఆ వాక్యం దాటి పోలేకపోయాను. పాలమూరు పల్లెలో పుట్టి, నాయిన బొంబాయిలో కూలి చేస్తుంటే ఇక్కడ పెరిగినదాన్ని కాబట్టి కావచ్చు, ఆయన జీవితం మొత్తం నాకు ఆ తమ్ముడి వైపు నుంచే కనిపిస్తుంది.

ఆయన అసలు పేరు మోషే బెన్ మైమోన్, యూదులు రాంబామ్ అంటారు. 1138లో స్పెయిన్‌లోని కార్దోబాలో పుట్టాడు (1135 అని కూడా కొందరు రాస్తారు). తండ్రి అక్కడి యూదుల న్యాయాధికారి. 1148లో ఉత్తర ఆఫ్రికా ముస్లిం రాజవంశమైన అల్మొహాద్ పాలకులు నగరాన్ని పట్టుకున్నాక యూదులకు మతం మారడమో ఊరు విడవడమో తప్ప దారి లేకుండా పోయింది, ఈ కుటుంబం ఊరు విడిచింది. ఏళ్ల తరబడి తిరిగి తిరిగి మొరాకోలోని ఫెజ్ చేరారు, అక్కడ కూడా ఉండలేక 1165లో ఓడెక్కి పాలస్తీనా తీరంలోని ఆక్రాలో దిగారు, చివరికి ఈజిప్టు వెళ్లి కైరో పక్కనే ఉన్న ఫుస్తాత్‌లో స్థిరపడ్డారు. ఈ తిరుగుడంతా తిరుగుతూనే ఆయన యూదుల పాత ధర్మశాస్త్రం మిష్నాకు వ్యాఖ్యానం రాశాడు. ఇరవై మూడో ఏట మొదలుపెట్టి 1168లో, ముప్పయ్యో ఏట పూర్తి చేశాడు. కొన్ని భాగాలు దారిలో నడుస్తుండగా, కొన్ని ఓడ మీద ఉండగా రాశాను, తప్పులుంటే మన్నించండి అని పుస్తకం చివర ఆయనే చెప్పుకున్నాడు.

ఆ తర్వాత దాదాపు పదేళ్లు కూర్చుని మిష్నే తోరా రాశాడు. యూదుల ధర్మం మొత్తాన్ని పద్నాలుగు భాగాల్లో, అందరికీ అర్థమయ్యే హీబ్రూలో, ఒక వరసలో పెట్టిన పుస్తకం అది. మరి ఆ పదేళ్లు ఇంట్లో పొయ్యి ఎట్లా వెలిగింది? తమ్ముడు దావీదు వ్యాపారం చేసేవాడు. తమ్ముడు బజార్లు తిరిగి సంపాదిస్తే నేను ఇంట్లో నిశ్చింతగా కూర్చునేవాణ్ణి అని మైమోనిడిసే రాశాడు.

ఆ దావీదు రాసిన ఉత్తరం ఒకటి ఇప్పటికీ ఉంది. ఫుస్తాత్‌లోని బెన్ ఎజ్రా ప్రార్థనా మందిరంలో పాత కాగితాలు పారేయకుండా దాచే గది ఒకటి ఉండేది. అందులోని కాగితాల్లో చాలా వాటిని 1896-97లో సాలమన్ షెక్టర్ అనే పండితుడు కేంబ్రిడ్జికి తీసుకుపోయాడు. ఈ ఉత్తరం కూడా ఇప్పుడు కేంబ్రిడ్జి లైబ్రరీలోనే ఉంది. భాష అరబ్బీ, అక్షరాలు హీబ్రూ. ఎర్ర సముద్రం ఒడ్డున అయ్‌దాబ్ రేవు నుంచి అన్నకు రాసింది. పెద్ద బిడారుతో కలిసి రాకుండా తోడుగా ఒక్కడితో ఎడారి దాటానని, అది బుద్ధి తక్కువ పనేనని ఒప్పుకుంటాడు. వెనక వచ్చిన బిడారును మాత్రం దొంగలు దోచుకున్నారట, కొందరు చనిపోయారట. తీరా రేవుకు వస్తే సరుకే రాలేదు, నీలిమందు తప్ప కొనడానికి ఇంకేమీ దొరకలేదు. అందుకని ఇండియాకు ఓడెక్కుతున్నాను అంటాడు. ఎడారిలో కాపాడిన దేవుడు సముద్రంలో కూడా కాపాడతాడు, ఇంట్లో నా భార్యకు ధైర్యం చెప్పు, భయపెట్టకు అని అన్నను బతిమాలతాడు.

అది చదివి చాలాసేపు పని చెయ్యబుద్ధి కాలేదు నాకు. మా పెద్దనాయిన టీచర్ ట్రైనింగ్ చదివే కాలంలో నాయిన మేస్త్రీ దగ్గర అడ్వాన్స్ తీసుకుని బొంబాయి బస్సెక్కాడు. సెంట్రింగ్ పని. ఒకసారి పరంజా మీద కాలు జారి చెయ్యి విరిగితే పెద్దనాయినకు ఒక్కడికే కబురు పంపాడు, "ఇంట్ల చెప్పకు, ఆమె పరేషానైతది" అని. మా అమ్మకు ఆ సంగతి తెలిసేసరికి కట్టు కూడా విప్పేశారు. ఇవాళ్టికీ ఊళ్లో మా ఇంటిని సారోళ్ల ఇల్లనే అంటారు. పెద్దనాయిన మంచివాడు, మా అందరికీ అక్షరాలు దిద్దించింది ఆయనే, అందుకు ఏ అభ్యంతరమూ లేదు. కానీ ఆ ఇంటి గోడలకు సిమెంటు ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

ఇక దావీదు 1170లలో హిందూ మహాసముద్రంలో మునిగిపోయాడు. తన పైసలే కాదు, అన్నవి, ఇతరులు వ్యాపారానికి నమ్మి ఇచ్చినవి కూడా ఆయనతోపాటే పోయాయి. భార్య, చిన్న కూతురు మిగిలారు, ఆ ఇద్దరి భారం మైమోనిడిస్ మీద పడింది. ఎనిమిదేళ్ల తర్వాత, 1185లో, ఆక్రాలోని ఒక పరిచయస్తుడికి రాసిన ఉత్తరంలో ఆయన ఏమీ దాచుకోలేదు. నా జీవితంలో ఇంతకన్నా పెద్ద దెబ్బ తగల్లేదన్నాడు. కబురు అందిన రోజు జ్వరంతో మంచం పట్టి దాదాపు ఏడాది లేవలేదని, బతకననే అనుకున్నారని, ఇప్పటికీ తమ్ముడి చేతిరాత కనబడితే గుండె తలకిందులవుతుందని రాశాడు. నా ఒళ్లో పెరిగాడు, తమ్ముడు, శిష్యుడు అన్నాడు. అప్పటికే ఆయన యూద లోకంలో పెద్ద పండితుడు. తాను ఎవరి చెమట మీద కూర్చుని రాశాడో ఇంత బాహాటంగా చెప్పిన పండితులు ఎంతమంది ఉంటారు? నాకు ఆయన మీద ప్రేమ కలిగింది ఇక్కడే, తత్వశాస్త్రం పుస్తకం దగ్గర కాదు.

ఆ తర్వాత వైద్యమే ఆయనకు బతుకుతెరువు. ఈజిప్టు సుల్తాన్ సలాదీన్ మంత్రి అల్ ఖాదీ అల్ ఫాదిల్ ఆయన్ని దగ్గరికి తీసుకున్నాడు, తర్వాత సలాదీన్ కొడుకు అల్ అఫ్దల్‌కు కూడా వైద్యుడయ్యాడు. ఉబ్బసం మీద, విషాల మీద పుస్తకాలు రాశాడు. 1199లో, తన తత్వశాస్త్ర గ్రంథం "కలత చెందినవారికి మార్గదర్శి"ని అరబ్బీ నుంచి హీబ్రూలోకి అనువదిస్తున్న శామ్యూల్ ఇబ్న్ తిబ్బోన్ వచ్చి కలుస్తానంటే, రా, సంతోషమే, కానీ నాతో గంటసేపైనా చర్చ చేయగలనని ఆశ పెట్టుకోకు అంటూ తన రోజు ఎట్లా గడుస్తుందో రాసి పంపాడు. పొద్దున్నే ఫుస్తాత్ నుంచి కైరో వెళ్లి పాలకుణ్ణి చూడాలి, అంతఃపురంలో ఎవరికి ఒంట్లో బాగా లేకపోయినా సగం రోజు అక్కడే. మధ్యాహ్నం దాటాక ఆకలితో నకనకలాడుతూ ఇంటికొస్తే వసారా నిండా రోగులు, యూదులూ కానివాళ్లూ, గొప్పవాళ్లూ పేదవాళ్లూ. జంతువు మీది నుంచి దిగి, చేతులు కడుక్కుని, కాస్త ఓపిక పట్టండి, రెండు ముద్దలు తిని వస్తాను అని వాళ్లనే వేడుకోవాలి, రోజంతటికీ అదొక్కటే తిండి. తర్వాత చీకటి పడి రెండు గంటలు దాటేదాకా చూస్తూనే ఉండాలి, నీరసంతో వెల్లకిలా పడుకుని మందులు చెప్పాలి. శనివారం విశ్రాంతి రోజైనా, సంఘం వాళ్లంతా వారం పనులు మాట్లాడుకోవడానికి, చదువుకోవడానికి ఇంటికొస్తారు. నేను మహబూబ్‌నగర్‌లో ఒక మెడికల్ షాపులో పని చేస్తాను. మక్తల్ నుంచి, కోస్గి నుంచి వచ్చి సాయంత్రం దాకా నంబరు పిలవక, ఆఖరి బస్సు పోతుందేమోనని టెన్షన్ పడేవాళ్లను రోజూ చూస్తాను కాబట్టి ఆ వసారా నాకు కళ్లకు కట్టింది.

మిష్నే తోరాలో దానం గురించి ఆయన పెట్టిన ఎనిమిది మెట్లు చాలామంది వినే ఉంటారు. అన్నిటికన్నా కిందిది ముఖం మాడ్చుకుని ఇవ్వడం. ఇచ్చేవాడికి తీసుకునేవాడు తెలియకుండా ఇవ్వడం ఇంకా పైమెట్టు. పూర్వపు పెద్దలు కొందరు నాణేలు గుడ్డలో కట్టి వీపు వెనక వేసుకుని నడిచేవారట, పేదవాడు సిగ్గుపడకుండా వెనక నుంచి తీసుకోవాలని. అన్నిటికన్నా పైన, అప్పు ఇచ్చో, వ్యాపారంలో భాగస్తుణ్ణి చేసుకునో, పని చూపించో ఒక మనిషి ఇంకొకర్ని అడుక్కోకుండా చెయ్యడం. కరువుకు తట్టుకోలేక సామాన్లు నెత్తిన పెట్టుకుని పోయిన మా జిల్లా జనం అడిగింది ఆ పైమెట్టునే, వాళ్లకు కావలసింది పని.

ఒక్క విషయంలో మాత్రం ఆయనతో గొడవ పడాలనిపించింది. ధర్మం చదువుకునేవాడు పని చెయ్యకుండా జనం ఇచ్చే దానం మీద బతికితే దేవుడి పేరు చెడగొట్టినట్టే అని గట్టిగా రాశాడు. నాలుగు వందల ఏళ్ల తర్వాత ఇంకో సెఫర్దీ (స్పెయిన్ మూలాల యూదు) పండితుడు యోసెఫ్ కారో ఇది ఒప్పుకోలేదు. పండితులకు జీతం లేకపోతే చదువే నిలవదన్నాడు, ఆచరణలో కారో మాటే నిలిచింది. తమ్ముడి సంపాదన మీద చదివిన మనిషి ఇంకొకర్ని ఇట్లా అనొచ్చా అని నాకూ కోపమొచ్చింది. తర్వాత ఆయన తొలి పుస్తకంలో, అదే ఓడ మీద రాసిన వ్యాఖ్యానంలో, ఇదే చర్చ పక్కన ఇంకో మాట కనిపించింది. పండితుడు తన సొమ్మును వ్యాపారం తెలిసినవాడి చేతిలో పెట్టి, అతను చేసిన వ్యాపారంలో వచ్చిన లాభంతో బతకవచ్చు, అది దానం కాదు అని. దావీదు అప్పటికి బతికే ఉన్నాడు, మునిగిన ఓడలో అన్న సొమ్ము కూడా ఉంది. అంటే ఆ ఇంట్లో తమ్ముణ్ణి దాతగా చూడలేదు, భాగస్తుడిగా చూశారు. మా నాయినను కూడా అట్లా చూసి, ఆ ఇంటి కాగితాల మీద ఆయన పేరు కూడా రాసి ఉంటే బాగుండేదని పెద్దనాయినతో చెప్పాను. ఆయన కాదనలేదు. వచ్చే నెల రిజిస్ట్రేషన్ ఆఫీసుకు పోదామన్నాడు.